ప్యానెల్ మీద ఏ దుమ్ముందో చూసి కడగండి: నెల్లూరు, ప్రకాశం మేడల మీది సోలార్‌కు

ఎండ బాగా కాస్తున్నా యూనిట్లు తగ్గుతుంటే చాలామంది ముందు ఇన్వర్టర్‌ను, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీ కరెంటుగా మార్చే పెట్టెను, అనుమానిస్తారు. మన రెండు జిల్లాల్లో 3 కిలోవాట్ల ప్లాంటు ఏడాది సగటున రోజుకు 12 యూనిట్ల దాకా ఇవ్వాలి. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో 13, 14 కూడా వస్తాయి. ఆ రోజుల్లోనూ 11 దగ్గరే ఆగిపోతుంటే టెక్నీషియన్‌కు ఫోన్ చేసే ముందు మేడెక్కి అద్దాన్ని చూడండి.

గాలిలోని కాలుష్యం సోలార్‌ను రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. గాలిలో తేలే నుసి, పొగ ఎండను చెదరగొట్టి, ప్యానెల్ దాకా రాకముందే కొంత మింగేస్తాయి. జనవరి ఉదయాల్లో ఆకాశం నీలంగా కాక తెల్లబారి కనిపించేది అందుకే. దానికి మనం చేయగలిగిందేమీ లేదు. రెండోది, ఆ నుసే కిందికి దిగి అద్దం మీద పొర కట్టడం. ఇది మన చేతిలో ఉన్న పని. 2017లో గుజరాత్‌లోని ఐఐటీ గాంధీనగర్ ప్యానెళ్ల మీద చేసిన పరిశోధనలో, కొన్ని వారాలు వదిలేసిన ప్యానెళ్లను కడగ్గానే ఉత్పత్తి 50 శాతం పెరిగింది. ఆ పొర బరువులో 92 శాతం మామూలు దుమ్మే. మిగిలిన 8 శాతం మనుషులు వదిలే మసి, రసాయన కణాలు. తూకంలో కొద్దిపాటివే అయినా అవి మరీ సన్నగా ఉండి అద్దానికి అతుక్కుంటాయి, ఎండను ముతక దుమ్ము కంటే గట్టిగా అడ్డుకుంటాయి. కాబట్టి దుమ్ము ఎంత మందాన ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, అది ఏ దుమ్మో తెలియాలి.

ముందు దుమ్మును గుర్తుపట్టండి

తెల్లని నూలుగుడ్డను బాగా తడిపి పిండి, ప్యానెల్ కింది భాగంలో బెత్తెడు మేర మెల్లగా ఒక్కసారి అద్ది తీయండి. పొడిగుడ్డతో మాత్రం ఎప్పుడూ రుద్దొద్దు, కారణం కింద చెబుతాను. గుడ్డ మీద ఏం అంటిందో వెలుతురులో చూడండి.

ముత్తుకూరు, నేలటూరు, కృష్ణపట్నం చుట్టుపక్కల రెండు రకాలు దొరుకుతాయి. గుడ్డ మీద నల్లగా చారలు కడితే బొగ్గు నుసి. అది ఓడరేవు నుంచి, బొగ్గు లారీల నుంచి, కన్వేయర్ల నుంచి ఎగిరి వచ్చేది. బూడిదరంగులో ఉండి వేళ్ల మధ్య ముఖానికి రాసుకునే పౌడరులా జారితే అది థర్మల్ ప్లాంట్ల బూడిద. బూడిద పొడిగా ఉన్నంతసేపు సులువుగానే పోతుంది. చలికాలం రాత్రి మంచుకు తడిసి, నేల దుమ్ములోని సున్నంతో కలిసి, పగటి ఎండకు ఎండిందా, సన్నటి పెచ్చు కట్టేస్తుంది. పది పదిహేను రాత్రులు అలా తడిసి ఆరిన ప్యానెల్‌ను వాన కూడా శుభ్రం చేయలేదు.

చీమకుర్తి క్వారీల దగ్గర, గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ (పారిశ్రామికవాడ) దగ్గర పడేది గ్రానైట్ పొడి. రంగు లేత బూడిదే గానీ, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. గూడూరు, చిల్లకూరు వైపు సిలికా ఇసుక గనులున్న చోట కూడా ఇదే గరగర. సిలికా, అంటే క్వార్ట్జ్, గట్టిదనంలో 7వ మెట్టు మీద ఉంటుంది, అద్దం 6 లోపే. అంటే ఈ దుమ్మును పొడిగా తుడిస్తే అద్దం గీరుకుపోతుంది. ప్యానెల్ అద్దం మీద ఎండ తిరిగి పోకుండా ఆపే పల్చటి పూత ఉంటుంది. దాని వల్ల 2, 3 శాతం ఎక్కువ వెలుతురు లోపలికి వెళుతుంది. ఆ పూత మందం వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. ఒకసారి గీరుకుపోయిందంటే మళ్లీ రాదు, ఆ నష్టం ప్యానెల్ ఉన్నంతకాలం మీదే. పొడిగుడ్డ వద్దన్నది ఇందుకే.

నెల్లూరు చుట్టూ రైస్ మిల్లులున్న చోట నల్లటి, తేలికైన రేకుల్లాంటి నుసి పడుతుంది. అది ఊక బూడిద. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు జనవరి నుంచి మార్చి దాకా పొగాకు బ్యారన్లు కట్టెలతో మండుతాయి. ఆ పొగ మసి గుడ్డ మీద పసుపు, గోధుమ కలిసిన జిడ్డు మరక వేస్తుంది, వట్టి నీళ్లకు లొంగదు. హైవే పక్కన మేడలకూ ఇంచుమించు ఇదే జిడ్డు, డీజిల్ పొగ వల్ల. కోత మిషన్లు పొలాల్లో దిగిన రోజుల్లో వరి నూగు వచ్చి ఈ జిడ్డు మీద అతుక్కుంటుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో తెల్లటి మసక పొర కనిపించి, తెల్లవారుజామున ముట్టుకుంటే చెమ్మగా, బంకగా ఉంటే ఉప్పు. ఉప్పు ఒక్కటే పెద్దగా ఎండను ఆపదు. గాలిలోని తేమను లాక్కుని అద్దాన్ని తడిగా ఉంచి, వచ్చిన ప్రతి దుమ్మునూ పట్టుకుంటుంది. పైగా ఫ్రేము క్లాంపులను, బోల్టులను తినేస్తుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పడే నేల దుమ్ము ముతకది, కడిగితే ఇట్టే పోతుంది. అక్కడ అసలు ఇబ్బంది దుమ్ముతో కాదు, నీళ్లతో.

కంటితో కాదు, ఆంప్స్‌తో కొలవండి

దుమ్ము ప్యానెల్ వోల్టేజీని పెద్దగా కదిలించదు, ఆంప్స్‌ను, అంటే పారే కరెంటును, తగ్గిస్తుంది. వేడి వోల్టేజీని తగ్గిస్తుంది, ఆంప్స్‌ను కదిలించదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. ఇన్వర్టర్ డిస్‌ప్లేలో గానీ యాప్‌లో గానీ డీసీ వోల్టులు, డీసీ ఆంప్స్ విడివిడిగా కనిపిస్తాయి.

540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరుసగా కలిపిన 3 కిలోవాట్ల ప్లాంటునే తీసుకోండి. ఒక్కో ప్యానెల్ పని చేసే వోల్టేజీ దాదాపు 41, ఆరింటికీ కలిపి 250 దాకా. మంచి ఎండలో ఆంప్స్ 13 దగ్గరికి రావాలి. మే నెలలో ప్యానెల్ లోపలి వేడి 65 డిగ్రీలకు చేరుతుంది. లేబుల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకు 14 శాతం అక్కడే పోతుంది. రోహిణి కార్తెలో 3 కిలోవాట్ల ప్లాంటు మధ్యాహ్నం 2500 వాట్లు చూపిస్తే దుమ్మని బెంగపడి కడగనక్కర్లేదు. ముందు ఆంప్స్ చూడండి.

కొలిచే పద్ధతి ఇది. మబ్బు, మసక లేని రోజు చూసుకుని 12, 12:30 మధ్య డీసీ ఆంప్స్ రాసుకోండి. మరునాడు పొద్దున్నే కడగండి. అదే రోజు, ఆకాశం అలాగే ఉంటే, అదే సమయానికి మళ్లీ రాసుకోండి. ముందు 11.8 ఉండి, కడిగాక 12.9 వచ్చిందనుకోండి: తేడా 1.1, దాన్ని 12.9తో భాగిస్తే 8.5 శాతం. మీ మేడ మీద అన్ని రోజుల్లో పోయింది అంత. చివరిసారి కడిగిన తేదీ గుర్తుంటే రోజుకు ఎంత శాతం పోతోందో తేలిపోతుంది. ఆ లెక్క కింద పనికొస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. తేడా చూద్దామని ఆరింటిలో ఒక్క ప్యానెల్ కడిగి, ఏమీ పెరగలేదని నిరుత్సాహపడతారు. వరుసగా కలిపిన ప్యానెళ్లలో అందరికంటే మురికిదే మిగతావాటి ఆంప్స్‌ను కూడా పట్టి ఆపుతుంది. వరుస మొత్తం కడిగితేనే తేడా తెలుస్తుంది. ఇన్వర్టర్‌కు రెండు వేర్వేరు వరుసలు ఉంటే మాత్రం ఒకటి కడిగి ఒకటి వదిలి, రెండింటినీ అదే నిమిషంలో పోల్చండి. అంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంట్లో చేసుకోలేరు, ఎండ తేడా మధ్యలో రాదు గనుక.

డిస్‌ప్లేలో ఆంప్స్ కనబడకపోతే క్లాంప్ మీటర్ కావాలి. అది డీసీ కొలిచేదై ఉండాలి. ఇంటి వైరింగ్‌కు వాడే మామూలు క్లాంప్ మీటర్ ఏసీ మాత్రమే కొలుస్తుంది, సోలార్ వైరు మీద సున్నా చూపిస్తుంది.

మీటర్ ఏదీ లేనివాళ్లకు ఇంకో మార్గం. జానెడు అద్దం ముక్కలు రెండు తెచ్చి, ఒకదాన్ని ప్యానెల్ వాలుకే, ప్యానెల్ పక్కన స్ట్రక్చర్‌కు కట్టండి. రెండోది ఇంట్లో శుభ్రంగా ఉంచండి. పదిహేను రోజుల తర్వాత ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ పెట్టి, సెన్సర్ మీద ఒకసారి శుభ్రమైన అద్దం, ఒకసారి మురికి అద్దం పెట్టి చూడండి. ఇది మేడ మీద నీడపట్టున చేయాలి, నేరు ఎండలో ఫోన్ సెన్సర్ సరిగా చూపదు. శుభ్రమైనదానికి 9200, మురికిదానికి 8500 వస్తే నష్టం ఏడున్నర శాతం పైనే. కచ్చితమైన లెక్క కాకపోయినా, కడగాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి చాలు.

చివర పోసే నీళ్లే ముఖ్యం

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు సున్నం ఎంతుంటుందో బకెట్ల అంచుల మీది తెల్లటి గారే చెబుతుంది. తీరం వెంబడి చాలా బోర్లు ఉప్పు. ఈ నీళ్లతో కడిగి అలాగే ఎండనిస్తే దుమ్ము పోయి గార మిగులుతుంది. దుమ్ము వానకు పోతుంది, గార పోదు. నాలుగైదు నెలలు ఇలా కడిగిన ప్యానెల్ కడగని ప్యానెల్ కంటే అధ్వానంగా తయారవుతుంది. మేడ మీద స్ప్రింక్లర్లు బిగించి బోరు మోటారుకు కలిపేయడం ఈ మధ్య కనిపిస్తోంది. ఈ నీళ్లున్న ఊళ్లలో అది ప్యానెళ్లను చేతులారా పాడుచేసుకోవడమే.

నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేమీ కాదు. 200 లోపు చూపిస్తే ఆ నీళ్లతో నిశ్చింతగా కడగండి. 500 దాకా ఉంటే కడగవచ్చు, ఆరకముందే వైపర్‌తో లాగేయాలి. అంతకు మించితే మొదటి తడుపుకు, రుద్దడానికి మాత్రం వాడి, చివర మంచి నీళ్లు పోయండి. 1000 దాటిన నీళ్లను ప్యానెల్ మీద అసలు ఆరనివ్వొద్దు.

మంచి నీళ్లు ఎక్కడివి? ప్రతి ఊళ్లో 20 లీటర్ల ఆర్ఓ క్యాన్ దొరుకుతుంది. ఆరు ప్యానెళ్లకు చివరి కడుగుడు ఒక్క క్యాన్‌తో అయిపోతుంది, ఇంకా మిగులుతుంది. ఆర్ఓ ప్లాంటు వాళ్లు బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, అందులో ఉప్పులు బోరు నీళ్ల కంటే ఎక్కువ. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి ఉంచుకుంటే ఇంకా మేలు, ఉప్పులు దాదాపు ఉండవు. అక్టోబరు, డిసెంబరు మధ్య పట్టిన వాన నీళ్లు డ్రమ్ములో మూతపెట్టి ఉంచుకున్నా సరే.

మొత్తం మీద ప్యానెల్‌కు 4 లీటర్లు చాలు: నానబెట్టడానికి ఒకటిన్నర, రుద్దేటప్పుడు ఒకటి, చివర ఒకటిన్నర. ఆరింటికీ 24 లీటర్లు.

కడిగే పద్ధతి

కావలసినవి: మెత్తటి నైలాన్ కుచ్చు బ్రష్ లేదా మైక్రోఫైబర్ మాప్, పొడవు కర్ర ఫైబర్‌దో వెదురుదో, అద్దాలు తుడిచే రబ్బరు వైపర్, రెండు బకెట్లు, మొక్కలకు నీళ్లు చల్లే రోజ్ క్యాన్, పాత టూత్‌బ్రష్. అల్యూమినియం కర్ర వద్దు, మేడ పక్కన కరెంటు తీగలు పోతుంటే ప్రాణం మీదికొస్తుంది. నేల తుడిచిన వైపర్‌ను తెచ్చి వాడొద్దు, దాని స్పాంజిలో ఇసుక ఇరుక్కుని ఉంటుంది.

తెల్లవారి సూర్యుడు పైకి రాకముందే మొదలుపెట్టండి. వేసవిలో ఐదున్నర, ఏడు మధ్య. ప్యానెల్ వెనక చెయ్యి పెడితే చల్లగా తగలాలి. మధ్యాహ్నం 65 డిగ్రీల అద్దం మీద చల్లటి నీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది, పగలకపోయినా నీళ్లు క్షణాల్లో ఆరి గార వేస్తాయి. చలికాలం ఉదయాల్లో మంచు అప్పటికే పొరను నానబెట్టి ఉంటుంది, ఆ తడిని వృథా పోనివ్వకండి.

ముందు ఇన్వర్టర్ దగ్గర ఏసీ వైపు స్విచ్ ఆపండి, ఆ తర్వాత డీసీ స్విచ్. ఈ వరుస తప్పొద్దు. ఒక సంగతి గుర్తుండాలి: స్విచ్‌లు ఆపినా వెలుతురు పడుతున్నంతసేపు ప్యానెళ్లలో కరెంటు ఉంటుంది. ఆరు ప్యానెళ్ల వరుసలో అది 300 వోల్టుల దాకా పోతుంది. ప్యానెళ్ల మధ్య కనెక్టర్లను మీరు ఊడదీయొద్దు.

నీళ్లు పోసే ముందు ప్రతి ప్యానెల్‌నూ ఒకసారి ముందూ వెనకా చూడండి. అద్దం పగిలి ఉంటే, వెనక రేకు చిరిగి ఉంటే ఆ ప్యానెల్ మీద నీళ్లు పడకూడదు, షాక్ కొడుతుంది. వైర్లు వేలాడుతూ మేడ మీద నీళ్లు నిలిచేచోట పడి ఉన్నాయా, ఎలుకలు కొరికాయా చూడండి. కింద కందిరీగలు గూడు పెట్టడం మామూలే, వాటిని కదిలించకముందే చూసుకోవాలి. ఎత్తుగా వేసిన స్ట్రక్చర్ అయితే బెల్టు లేకుండా ఎక్కొద్దు, ఒంటరిగా అసలు వద్దు. తడిసిన ప్యానెల్ మీద కాలు జారుతుంది. జారకపోయినా మనిషి బరువుకు లోపలి సెల్స్ (ఎండను కరెంటుగా మార్చే పలకలు) కంటికి కనబడనంత సన్నగా చిట్లుతాయి, ఆ దెబ్బ ఏడాది రెండేళ్లకు బయటపడుతుంది. కాబట్టి ప్యానెల్ మీద మోకాలు కూడా ఆనించొద్దు.

ఇప్పుడు రోజ్ క్యాన్‌తో పై అంచు నుంచి నీళ్లు జారవిడవండి. గ్రానైట్, సిలికా దుమ్మయితే ఈ దశలోనే ఎక్కువ నీళ్లు ఖర్చుపెట్టండి. గరుకు రేణువులు నీళ్లతోనే జారిపోవాలి, బ్రష్ తగిలేటప్పటికి అవి అద్దం మీద ఉండకూడదు. బూడిద పెచ్చయితే తడిపి ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ తడపండి. రుద్దడం కంటే నాననివ్వడం మేలు. హై ప్రెషర్ పంపు వద్దు, ఫ్రేము సీలు లోపలికి నీళ్లు తోసేస్తుంది.

బ్రష్‌ను పై నుంచి కిందికి ఒకే దిక్కున, బరువు మోపకుండా లాగండి. గుండ్రంగా తిప్పొద్దు. ప్రతి ప్యానెల్ అయ్యాక బ్రష్‌ను మొదటి బకెట్‌లో జాడించి, తర్వాతే రెండో బకెట్ మంచి నీళ్లలో ముంచండి. పొగాకు మసి, డీజిల్ జిడ్డు ఉంటే 10 లీటర్ల నీళ్లకు ఒక టీ స్పూన్ గిన్నెలు కడిగే లిక్విడ్ కలపండి, అంతే. బట్టల సబ్బు పొడి, బ్లీచింగ్, ఇనప పీచు వద్దు. సబ్బు పొడి మిగిల్చే బంక మీద మరునాడే దుమ్ము వాలుతుంది.

కింది ఫ్రేము అంచును మాత్రం వదిలేయకండి. ప్యానెల్ మీద జారే నీళ్లన్నీ ఆ అంచు దగ్గర ఆగి, మట్టి దిగి, అర అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా పట్టీ కడతాయి. ప్యానెల్ అంతా మెరుస్తున్నా ఈ పట్టీ ఒక్కటే పెద్ద దెబ్బ కొడుతుంది, ఎందుకంటే కింది వరుస సెల్స్ కప్పబడితే వాటితో వరుసగా కలిసిన మిగతా సెల్స్ కూడా ఆగుతాయి. ఇప్పుడొచ్చే హాఫ్ కట్ ప్యానెల్ (ఒక్కో సెల్‌ను రెండుగా కోసి చేసినది) నిలువుగా పెట్టి ఉంటే కింది సగం అంతా నీరసిస్తుంది, పై సగం నడుస్తుంది. అడ్డంగా పెట్టి ఉంటే మూడో వంతు పోతుంది. వాన ఎంత కురిసినా ఈ పట్టీ పోదు. టూత్‌బ్రష్‌తో నానబెట్టి తీయండి. సమయం లేని వారంలో మొత్తం కడగకపోయినా ఈ అంచు ఒక్కటీ తుడవండి.

చివరగా మంచి నీళ్లు పై నుంచి పోసి, వెంటనే వైపర్‌తో ఒక్కో లాగుడుకు రబ్బరు తుడుచుకుంటూ కిందికి లాగండి. తీరపు ఊళ్లలో ఆ నీళ్లే కొన్ని ఫ్రేము మీద, క్లాంపుల మీద కూడా పోయండి. ప్యానెళ్లు రెండు వైపులా పనిచేసేవైతే వెనక అద్దాన్ని రెండు మూడు నెలలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అరగంట ఆగి, ఆపిన వరుసకు తిరగేసి, డీసీ ముందు, ఏసీ తర్వాత వేయండి.

మొండి మరకలు

కాకులు, పావురాలు, చెరువుల పక్కనైతే కొంగలు వేసే రెట్ట అన్నిటికంటే చెడ్డది. దుమ్ము పల్చగా అంతటా పరుచుకుంటే, రెట్ట ఒక్క సెల్‌ను పూర్తిగా కప్పుతుంది. కప్పబడిన సెల్ కరెంటు ఇవ్వడం మాని, మిగతా సెల్స్ ఇచ్చే కరెంటుకు తానే వేడెక్కుతుంది. అలా నెలల తరబడి ఉంటే ఆ చోట సెల్ గోధుమరంగుకు తిరుగుతుంది. దీనికి తేదీ లెక్క లేదు, కనబడిన రోజే తీయాలి. తడిగుడ్డ ముద్దను దానిమీద పది నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక తుడవండి. గోరుతో, బ్లేడుతో గీకొద్దు.

బోరు నీళ్ల గారకు లీటరు నీళ్లలో 10 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, గుడ్డతో మరక మీద పూసి రెండు మూడు నిమిషాలు ఉంచి, ఎక్కువ నీళ్లతో కడిగేయండి. ఫ్రేము మీదికి కారకుండా చూడండి, చేతికి గ్లౌజు వేసుకోండి. బాత్రూం యాసిడ్ జోలికి వెళ్లొద్దు, అల్యూమినియం ఫ్రేమును, సీలును తినేస్తుంది. రెండుసార్లు చేసినా పోని గార సిలికాది, అది నిమ్మ ఉప్పుకు కరగదు. అంతటితో ఆపండి, రుద్దితే పూత పోతుంది.

నానో కోటింగ్ వేస్తాం, దుమ్మే పట్టదని వచ్చేవాళ్లను, మీ ప్యానెల్ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఒప్పుకోండి. లేకపోతే గ్యారంటీ పోవచ్చు.

ఎన్ని రోజులకోసారి?

ఇందాక కొలిచిన రోజువారీ నష్టం ఇక్కడ పనికొస్తుంది. మీ మేడ మీద రోజుకు 0.4 శాతం పోతోందనుకుందాం. నెలకోసారి కడిగితే చివరి రోజుకు 12 శాతం, నెల సగటున 6 శాతం. రోజుకు 12 యూనిట్ల చొప్పున నెల ఉత్పత్తి 360, అందులో 6 శాతం అంటే 21 యూనిట్ల పైన. పదిహేను రోజులకోసారి కడిగితే సగటు నష్టం 3 శాతమే, నెలకు దాదాపు 11 యూనిట్లు. అంటే రెండో కడుగుడుకు దక్కేది 11 యూనిట్లు. ఆ 11 యూనిట్లకు మీ బిల్లులో పై స్లాబు రేటు ఎంతో చూసి, గంట పనికి, క్యాన్ నీళ్లకు గిట్టుబాటో కాదో మీరే తేల్చుకోండి. మీరే కడుక్కుంటే చాలా ఇళ్లకు గిట్టుతుంది. మనిషిని పెట్టి కూలి ఇచ్చి కడిగిస్తే 3 కిలోవాట్ల ప్లాంటుకు గిట్టకపోవచ్చు, 10 కిలోవాట్లకు గిట్టుతుంది.

మన వానల తీరు వేరు, దాన్ని బట్టి నడుచుకోవాలి. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలు గట్టి వాన పడ్డాక కింది అంచు, రెట్టలు చూసుకుంటే చాలు. జనవరి నుంచి అసలు కష్టకాలం: మంచు, పొగాకు పొగ, తర్వాత కోతల దుమ్ము, తర్వాత వాన జాడ లేని ఎండలు. థర్మల్ ప్లాంట్లు, క్వారీలు, బ్యారన్ల దగ్గర ఈ ఐదారు నెలలు పదిహేను రోజులకోసారి, మిగతా చోట్ల నెలకోసారి కడగండి. పెచ్చు కట్టే బూడిదకు మాత్రం డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పది రోజులు దాటనివ్వొద్దు. జూన్, సెప్టెంబరు మధ్య పడే చిన్న జల్లులను నమ్మొద్దు. నాలుగు చినుకులు దుమ్మును కడగవు, చుక్కలు చుక్కలుగా బురద చేసి ఎండబెడతాయి. అలాంటి జల్లు పడ్డ మరునాడు ఉదయమే, పొర ఇంకా మెత్తగా ఉండగా కడిగితే సగం శ్రమే.

కడిగాక వచ్చే తిప్పలు

ఇన్వర్టర్ ఇన్సులేషన్ లోపం చూపించి స్టార్ట్ కాకపోతే కంగారు పడకండి. కనెక్టర్ల చుట్టూ తడి ఉంది, ఎండెక్కి ఆరాక దానంతటదే మొదలవుతుంది. కడిగిన ప్రతిసారీ, వాన పడిన ప్రతిసారీ అదే వస్తుంటే ఎక్కడో వైరు తోలు తెగింది, లేదా కనెక్టర్ సరిగా బిగించలేదు. టెక్నీషియన్‌ను పిలవాలి, ఉపేక్షించొద్దు.

కడిగినా ఆంప్స్ పెరగకపోతే మసక వల్లనా అని ఇంకో తేట రోజు చూడండి. అప్పటికీ అంతే ఉంటే నీడ వెతకండి: కొత్తగా పెరిగిన కొబ్బరి ఆకు, పక్కింటి వాటర్ ట్యాంకు, కేబుల్ తీగ. ఆంప్స్ బాగానే ఉండి వోల్టులు మామూలు కంటే 13, 14 తగ్గితే అది దుమ్ము కాదు. ప్యానెల్ లోపల మూడు భాగాలకు మూడు డయోడ్లు ఉంటాయి, పనిచేయని భాగాన్ని వదిలేసి కరెంటును పక్కదారిన పంపేవి అవే. ఆ మూడు భాగాల్లో ఒకటి అలా పక్కకు తప్పుకుంది. ఆ వోల్టుల అంకె రాసి టెక్నీషియన్‌కు చూపిస్తే అతను నేరుగా అక్కడికే వెళతాడు.

కొత్తగా పెట్టించుకోబోయేవాళ్లు కొటేషన్ మాట్లాడుకునేటప్పుడే నాలుగు సంగతులు అడగండి. వాలు 14, 15 డిగ్రీలు ఉండాలి. మన అక్షాంశానికి ఉత్పత్తికీ అదే సరిపోతుంది, నీళ్లు జారడానికీ సరిపోతుంది. గాలికి భయపడి 5 డిగ్రీలకు పడుకోబెట్టిస్తే కింది పట్టీ వదలదు, దానికి బదులు స్ట్రక్చర్ బోల్టులు గట్టివి వేయించుకోండి. వరుసల మధ్య మనిషి నిలబడి బ్రష్ పట్టుకునేంత, కనీసం రెండు అడుగులు, దారి వదలాలి. ప్యానెళ్ల దగ్గర ట్యాంకు నుంచి ఒక కుళాయి పెట్టించాలి. ప్రతి ప్యానెల్ కింది అంచుకు నీళ్లు ఫ్రేము దాటి కిందికి జారేలా చేసే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు రెండేసి వేయించాలి. ఈ క్లిప్పులు ఇప్పటికే ఉన్న ప్యానెళ్లకూ బిగించుకోవచ్చు, ఫ్రేము మందం కొలిచి సరిపోయే సైజు తెచ్చుకోండి.